ఉప్పుతో కూడా వస్తుంది

మా గైడుకి మంటంటే పడదు. క్యాంటీన్‌లో పాలు పొంగితే ఆయన ముఖం చూడాలి, తన ఆస్తికి ఎవరో నిప్పు పెట్టినట్టు విలవిల్లాడిపోతాడు. లోహానికి కార్బన్ కలిపి కార్బైడ్లు చెయ్యాలంటే లోకమంతా కొలిమిని దాదాపు వెయ్యి డిగ్రీలకు ఎక్కిస్తుంది. ఈయన మాత్రం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ "మూడొందలకే రావాలి, ఎందుకు రాదో చూస్తా" అని కొలిమితో పోట్లాడుతూనే ఉన్నాడు. అందుకే డిపార్ట్‌మెంట్‌లో ఆయన పేరు సన్నసెగ. ఎదురుగా మాత్రం అందరం "సార్" అనే అంటాం. మాకూ బతకాలని ఉంటుంది కదా!

సన్నసెగకు ఇంకో అలవాటుంది. పీహెచ్‌డీ డిగ్రీ చేతికి రానంతవరకు ఎంతటివాళ్లయినా ఆయనకు "నువ్వు"లే. నాకంటే ముందు ఒకాయన ఉండేవాడు, మీసం నెరిసిపోయింది, కూతురు కాలేజీకి వెళ్తోంది. అయినా సరే "ఒరేయ్, ఆ సీసా ఇటు తే" అనేవాడు. డిగ్రీ వచ్చిన సాయంత్రం మాత్రం ల్యాబు తలుపు పట్టుకుని నిలబడి, "పదండి, ముందు మీరు" అంటాడు. అంతే, ఇంకో మాట ఉండదు. ఆ మాటకి ఆ మీసాలాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నేను కళ్లారా చూశాను. యూనివర్సిటీ ఇచ్చే కాగితం ఎలాగూ ఇస్తుంది, అసలు పట్టా ఇదే అని మా అందరి నమ్మకం.

నేనింకా "ఏమ్మాయ్" దగ్గరే ఉన్నాను. ఏడేళ్లుగా.

ఈ ఏడేళ్లూ ఉన్నది మా అన్నయ్య ఇంట్లో, బట్టలుతికే మెషీన్ పెట్టిన గదిలో. మెషీన్ పిండే దశకు వచ్చిందంటే నా మంచం కూడా దానితో పాటు వణుకుతుంది. ఆ గది తలుపుకి గొళ్లెం సరిగ్గా పడదు, గాలి వీస్తే చాలు ధన్‌మని కొట్టుకుంటుంది. వదిన మంచిదే కానీ నోరు ఊరుకోదు. "డాక్టరమ్మా, నీ చదువు పూర్తయ్యేలోపు నా మెషీన్‌కి పింఛను వచ్చేలా ఉందే" అంటుంది. నేనేమన్నా తక్కువ తిన్నానా? "మీ ఆయన కొన్న మెషీన్ కదా వదినా, పని చెయ్యకుండానే పింఛను తీసుకుంటుందిలే" అంటాను. అన్నయ్య పేపర్ అడ్డం పెట్టుకుంటాడు.

ఈసారి మాత్రం నవ్వులాట కాదు. నా రిజిస్ట్రేషన్ ఈ నెలాఖరుతో చచ్చిపోతుంది. పొడిగింపులన్నీ వాడేశాను, ఇక ఇవ్వమని ముఖం మీదే చెప్పారు. ఆలోగా కమిటీ ముందు సెమినార్ ఇచ్చి, వాళ్లు సరేనంటేనే థీసిస్ తీసుకుంటారు. ఒక కాలేజీ వాళ్లు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు, అదీ డిగ్రీ ఉంటేనే. అంటే ఈ సెమినార్ గట్టెక్కితే నాకు ఉద్యోగం, నాకంటూ ఒక గది, ఆ గదికి గొళ్లెం. గట్టెక్కకపోతే ఏడేళ్లు గంగలో కలిసినట్టే.

భయమెందుకంటే ఎవరైనా అడగచ్చు, మా దగ్గర పని అయిపోయింది కదా అని. అవును, అయిపోయింది. సన్నసెగ కల నిజమైంది. మాలిబ్డినం ఉప్పు ఒకటి తీసుకుంటాం, అందులోకి కార్బన్ కోసం యూరియా వేస్తాం, బాల్ మిల్లు డబ్బాలో గుండ్లు వేసి రెండు పగళ్లూ రెండు రాత్రులూ నూరుతాం. తర్వాత మూడొందల డిగ్రీల దగ్గర సన్నగా కాల్చి, కరిగేదంతా కడిగేస్తాం. అడుగున చిటికెడు నల్లపొడి మిగులుతుంది. కాటుక కంటే మెత్తన. పొడి లోపలి అల్లికను గీతలుగా చూపించే ఎక్స్‌రే మెషీన్‌లో పెడితే మాలిబ్డినం కార్బైడ్ గీతలు ఎక్కడెక్కడ ఉండాలో అక్కడే వస్తాయి. రేణువులు ఎంత చిన్నవంటే, గీతలు లావుగా ఉబ్బిపోయి ఉంటాయి. ప్లాటినం చేసే పనిని చవగ్గా చేసిపెట్టే పొడి ఇది. సన్నసెగ దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు.

ఎంత తక్కువ నూరితే అంత తక్కువ, ఎంత ఎక్కువ నూరితే అంత ఎక్కువ వచ్చేది. దీన్ని ఆయన ఒక ధర్మసూత్రం కింద మార్చేశాడు. "ఎంత నూరితే అంత" అని పెద్దక్షరాలతో రాయించి మిల్లు మీద అంటించాడు. కష్టే ఫలి అని రోజూ ఒక ఉపన్యాసం. ఆ మిల్లు డబ్బా కూడా మామూలుది కాదు, గుండ్లతో సహా టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసింది, ఒక్క చేత్తో లేపాలంటే భుజం పడిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుబట్టి తెప్పించుకున్నాడట. దాన్ని తట్టి, "వజ్రం తర్వాత ఇదే. ఇది అరగదు" అనేవాడు. పెళ్లికూతురి తండ్రి కూడా తన పిల్లను అంత పొగడడు.

సెమినార్ ముందు, మళ్లీ ఒకసారి చేసి చూపించాలని ఇంకో దఫా మొదలుపెట్టాను. మాలిబ్డినం తూచి డబ్బాలో వేశాను. యూరియా తూచబోతుంటే వదిన ఫోను. మెషీన్ నీళ్లు కక్కుతోందట, నా పుస్తకాలు తడుస్తున్నాయట, తీసి మంచం మీద పెట్టనా అని. "పెట్టు వదినా, పుణ్యముంటుంది" అని, ఆ కంగారులో మూత బిగించి మిల్లు తిప్పేశాను. నూరడం అయింది, కాల్చడం అయింది, కడగడం అయింది. ఎక్స్‌రే తీశాను. గీతలు దివ్యంగా వచ్చాయి. ఇంత బాగా ఎప్పుడూ రాలేదే అనుకుంటూ బల్ల తుడుస్తుంటే యూరియా ప్యాకెట్టు కనబడింది. సీలు విప్పనే లేదు.

కార్బన్ వెయ్యలేదు. కార్బైడ్ వచ్చింది. పాలు లేకుండా పెరుగు తోడుకుంది.

స్టూలు మీద కూలబడి ఆ ప్యాకెట్టుని చాలాసేపు చూశాను. తర్వాత లేచి సన్నసెగ గదికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"గాలిలోంచి తీసుకుంది!" అన్నాడు.

"ఏం తీసుకుంది సార్?"

"కార్బన్! గాలిలో కార్బన్ డయాక్సైడ్ లేదూ? దాన్ని పీల్చుకుంది. ఏమ్మాయ్, నీకు అర్థమవుతోందా? యూరియా కూడా అక్కర్లేదు మనకి!"

"సార్, డబ్బా మూత బిగించి ఉంటుంది. లోపల ఉన్న గాలి ఎంతని?"

"ఉన్నంతలోనే పీల్చుకుంది. పొదుపు!"

ఈయనతో ఇలా లాభం లేదనుకున్నాను. మళ్లీ నూరి, ఈసారి కాల్చకుండానే కడిగాను. నల్లపొడి మిగిలింది. అవే గీతలు. ఇప్పుడైనా ఆయనకు అనుమానం వస్తుందని పరుగున వెళ్లి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"గది ఉష్ణోగ్రత దగ్గర," అన్నాడు మెల్లగా. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూడొందలు అడిగితే దేవుడు మంటే లేకుండా ఇచ్చాడు. నేనేం చెప్పాను? ఎంత నూరితే అంత!"

నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఏడేళ్లుగా పులుసులో ముక్కలా ఉడుకుతున్నది నేను, మోక్షం వచ్చింది ఆయనకి. ఆ పూట ఇంటికి వెళ్లి, వదిన వంటింట్లోంచి ఉప్పు ప్యాకెట్టు సంచిలో వేసుకున్నాను. "అక్కడ క్యాంటీన్‌లో ఉప్పు కూడా వెయ్యట్లేదా?" అంది వదిన.

మర్నాడు డబ్బాలో ఒట్టి ఉప్పు వేశాను. మాలిబ్డినం లేదు, యూరియా లేదు, నా ఏడుపు తప్ప ఇంకేమీ లేదు. మామూలుగా ఎంతసేపు నూరుతామో అంతసేపూ నూరాను. తెల్లటి ఉప్పు వేస్తే బూడిదరంగు పొడి బయటికొచ్చింది. గ్లాసు నీళ్లలో కలిపాను. ఉప్పంతా కరిగిపోయింది, అడుగున నల్లటి పొర దిగింది. ఆరబెట్టి ఎక్స్‌రే తీశాను. గీతలు కళకళలాడుతూ వచ్చాయి.

ఆ గ్లాసూ ఆ గీతల బొమ్మా పట్టుకెళ్లి సన్నసెగ బల్ల మీద పెట్టాను. "ఇది వంట ఉప్పు సార్," అన్నాను. "ఇందులోంచి మాలిబ్డినం వచ్చిందని మాత్రం అనకండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆయన అనలేదు. మాలిబ్డినం కార్బైడ్‌లో మేం చేస్తున్నామనుకున్న రకం, టంగ్‌స్టన్ కార్బైడ్, ఈ రెండూ లోపల ఒక్కలాగే కట్టుకుని ఉంటాయి. కవలపిల్లలకి ఒకే రంగు చొక్కాలు వేసి నిలబెట్టినట్టు, ఎక్స్‌రే గీతల్లో ఏది ఏదో పోల్చడం మహా కష్టం. లోపలున్న మూలకమేదో తేల్చే మెషీన్ మా భవనంలో ఒకటుంది, నేను చేరకముందే పాడైంది, దాని మీద అందరూ హెల్మెట్లు పెట్టుకుంటారు. అయినా మేమెప్పుడూ టంగ్‌స్టన్ కొననే లేదు కదా, ఎందుకు వెతుకుతాం?

సన్నసెగ లేచి బీరువా తీశాడు. డబ్బాతో పాటు వచ్చిన విడి గుండ్ల ప్యాకెట్టు అడుగున ఉంది, అరగనే అరగవు కదా అని విప్పకుండా దాచింది. ఒక కొత్త గుండు తీసుకుని ల్యాబుకి నడిచి, మా డబ్బాలోని గుండు పక్కన పెట్టాడు. త్రాసు అవసరం రాలేదు. కొత్తది అమ్మమ్మలా ఉంటే, మాది దాని మనవరాలిలా ఉంది.

గరిటె అరిగి గిన్నెలో పడుతుంటే, కూర చిక్కబడిందని ఇన్నేళ్లూ మురిసిపోయాం. పైగా ప్రతిసారీ శుభ్రంగా ఉండాలని ఆ డబ్బాలో ఇసుక వేసి తిప్పి తోమేవాళ్లం. అంటే దఫాకు ముందు దాన్ని గీరి సిద్ధం చేసుకునేవాళ్లమన్నమాట!

"ఎంత నూరితే అంత," అన్నాను నేను. నోరు ఊరుకుంటేగా.

ఆయన నవ్వలేదు. ఆ రెండు గుండ్లనీ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి ముసలాయనలా కనిపించాడు. నాకు జాలేసింది, ఒళ్లు మండింది కూడా.

"ఇది ఎవరికీ చెప్పకు," అన్నాడు చివరికి.

"సార్?"

"నా కోసం కాదమ్మాయ్. నేను వచ్చే ఏడాది రిటైరై పోతాను, నన్ను ఎవడేమంటాడు? నీ గడువు అయిపోతోంది. సెమినార్ ఇచ్చెయ్. డిగ్రీ తీసుకో, ఉద్యోగంలో చేరు. తర్వాత తప్పు జరిగిందని నేనే రాస్తాను, నా పేరు మీద."

ఆయన అబద్ధమాడడం నేను చూడలేదు ఎప్పుడూ. పొగరు చూశాను, మొండితనం చూశాను, మంట మీద కోపం చూశాను. నా కోసం అబద్ధమాడటానికి సిద్ధపడ్డాడు ఆ మనిషి. నాకు ఏడుపొచ్చింది, సరేనని తలూపి వచ్చేశాను.

ఇంటికొచ్చి వదినకి చెప్పాను. విని, "అయితే ఇన్నేళ్లూ నువ్వు చేసింది గుండ్లు అరగదీయడమా?" అని పడీ పడీ నవ్వింది. నా ముఖం చూసి టక్కున ఆపేసింది. పక్కన కూర్చుని నా జుట్టు సరిచేసింది.

"మీ సార్ చెప్పినట్టు విను. ముందు కాగితం చేతికి రానీ. నిజం ఎక్కడికి పోతుంది, అది అక్కడే పడి ఉంటుంది."

నాకూ అదే కావాలనిపించింది. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు? ఆ కాగితం కోసం ఏడేళ్లు ఆ మెషీన్‌తో పాటు వణికాను. ఒక్క గంట నోరు మూసుకుంటే పని అయిపోతుంది. మూసుకుందామనే వెళ్లాను.

నెల చివరి రోజున సెమినార్. హాల్లో కమిటీ పెద్దాయన, మరో నలుగురు, ముందు వరసలో సన్నసెగ, ఆయన పక్కన బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు. పెద్ద పరిశోధన కేంద్రంలో పెద్ద పేరున్నావిడ. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరని చెప్పుకుంటారు. నేను చిలక పలుకుల్లా చెప్పుకుంటూ పోయాను. మాలిబ్డినం అన్నాను, యూరియా అన్నాను, మూడొందలు అన్నాను. గీతల బొమ్మ వచ్చినప్పుడు సన్నసెగ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ప్రశ్నలు వచ్చాయి, జవాబులిచ్చాను. మాట తడబడలేదు.

చివర్లో పరీక్షకురాలు పెన్ను మూత పెట్టింది. నవ్వింది కూడా.

"చాలా రోజుల తర్వాత మంచి పని విన్నాను. మా దగ్గర ఇద్దరమ్మాయిలు కొత్తగా చేరారు. ఏ పని ఇవ్వాలా అని చూస్తున్నాను. వచ్చే నెల నుంచి ఇద్దరినీ మీ పద్ధతి మీదే పెడతాను. ఐదేళ్లకి సరిపడా పని ఉంది ఇందులో."

సన్నసెగ తల ఎత్తాడు. కమిటీ పెద్దాయన చప్పట్లు కొట్టడానికి చేతులు లేపాడు.

ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలియదు. కానీ వాళ్ల గదులు ఎలా ఉంటాయో తెలుసు. ఎవరింట్లోనో ఒక మూల మంచం, ఎవరిదో ఒక వదిన, ఇంకెప్పుడు అయిపోతుందే అనే ప్రశ్న. పొద్దున్నే లేచి డబ్బా తోముకోవడం, చిటికెడు నల్లపొడి చూసుకుని సంబరపడటం. నా ఏడేళ్లు చాలవా దీనికి? ఇంకో ఇద్దరి బతుకులు కూడా వేసి నూరాలా?

"వద్దు మేడమ్," అన్నాను.

"ఏం వద్దు?"

"వాళ్లని దీని మీద పెట్టద్దు. ఉప్పుతో కూడా వస్తుంది."

ఆవిడకి అర్థం కాలేదు. "ఏ ఉప్పు?"

"వంట ఉప్పు మేడమ్. మా వదిన వంటింట్లోది."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను మొత్తం చెప్పేశాను. మర్చిపోయిన యూరియా, వెలిగించని కొలిమి, ఉప్పు నీళ్ల అడుగున దిగిన నల్లపొర, అమ్మమ్మ గుండు, మనవరాలి గుండు. "మేం చేసింది మాలిబ్డినం కార్బైడ్ కాదు. మా డబ్బా అరగదీసి, దాన్నే కడిగి, చూపించుకున్నాం. ఈ వేడి దగ్గర ఈ దారిలో కార్బైడ్ రాదు. నాకు తెలిసిన నిజం ఇదొక్కటే" అన్నాను.

సన్నసెగ లేచి నిలబడ్డాడు.

"చెప్పద్దన్నది నేను," అన్నాడు. "ఆ డబ్బా కొన్నది నేను. అది అరగదని ఊరంతా చాటింది నేనే. అమ్మాయిది తప్పేం లేదు."

కమిటీ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మంచాయనే, బాధపడుతూనే చెప్పాడు. ఈ థీసిస్ తీసుకోలేమన్నాడు. గడువు పెంచే అధికారం తనకు లేదన్నాడు. ఏమైనా చెయ్యాలంటే మళ్లీ కొత్తగా చేరి, మొదటి నుంచి మొదలుపెట్టాలన్నాడు. నేను "సరే సార్" అన్నాను. ఇంకేమనాలి?

పరీక్షకురాలు అప్పటికే ఫోను పట్టుకుని బయటికి నడిచింది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వరండాలో ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. "ఆ మిల్లు గుండ్లు తీసి తూచండి... ఆ, మనవే... కొత్తవాటితో పోల్చండి... ఇప్పుడే అంటే ఇప్పుడే!" నేను కాగితాలు సర్దుకుని బయటికొచ్చేసరికి ఆవిడ గోడకి ఆనుకుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రేపు మా దగ్గరికి వచ్చి, ఆ ఉప్పు పని ఎలా చేశావో చూపిస్తావా?"

"రేపటికి నేను ఎవరినీ కాను మేడమ్. రిజిస్ట్రేషన్ కూడా ఉండదు."

"నాకు నీ రిజిస్ట్రేషన్ ఎందుకు? ఉప్పు తీసుకుని రా," అని గబగబా వెళ్లిపోయింది.

వదినకి ఫోను చేశాను. పోయిందని చెప్పాను, నేనే పోగొట్టుకున్నానని కూడా చెప్పాను. "నీకు పిచ్చి" అంది. మళ్లీ తనే, "ఆ డబ్బా బరువుగా ఉంటుందన్నావుగా, ఇంక దేనికీ పనికిరాదు కదా. అడిగి పట్టుకురా, మన తలుపుకి అడ్డం పెడదాం" అంది. మన తలుపు అంది. ఇంకో ఏడేళ్లయినా ఆ గదిలో ఉండచ్చని దానర్థం. నేను ఫోను పెట్టేసి ముఖం తుడుచుకున్నాను.

ల్యాబుకి వెళ్లేసరికి సన్నసెగ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపు తెరిచి, ఒక చేత్తో పట్టుకుని. తిడతాడేమో, తిట్టనీ అనుకుంటూ దగ్గరికెళ్లాను.

"పదండి," అన్నాడు. "ముందు మీరు."

నేను కదల్లేకపోయాను. "సార్, డిగ్రీ రాలేదు సార్."

"నేనూ అక్కడే ఉన్నాను. నాకేం చెవుడు లేదు. నడవండి."

కళ్లు మసకబారి గడప కూడా సరిగ్గా కనబడలేదు, తడుముకుంటూ లోపలికి వెళ్లాను. ఆయన నా వెనకే వచ్చాడు. రెండడుగులు వేశాడో లేదో, మూలనున్న కొలిమి మీద ఎర్రదీపం చూసి కెవ్వుమన్నాడు.

"పొద్దుట్నుంచీ కొలిమి ఆపకుండా వదిలేసి పోయారా? బుద్ధుందా అండీ మీకు?"